గట్టు మీద బీటా

రాత్రి ఒంటిగంటన్నర. విజయవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఆగి ఉన్న కారులో వెనక సీటు మీది. పక్కన గుడ్డసంచిలో నాలుగు పాత ఫోన్లు, రెండు పవర్‌బ్యాంకులు, తలకి కట్టుకునే లైటు, ఒక రూళ్ళ పుస్తకం ఉన్నాయి. ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి ఒక యాప్ రాసింది. స్టీరింగ్ దగ్గర ఉన్నది ఆమె భాగస్వామి, రొయ్యల చెరువుల మధ్యనే పెరిగినవాడు. మేత ఎంత వేశారు, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంది, ట్రేలో మేత మిగిలిందా, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకి వచ్చింది, ఈ లెక్కలన్నీ రాసుకోవడానికి తయారైన యాప్ అది. ఇంకా విడుదల కాలేదు. పేరు పక్కన బీటా అని ఉంది. ఆ మాట తీసెయ్యచ్చో లేదో చూడటానికే ఈ ప్రయాణం.

మీకు ఇచ్చిన పని ఒక్కటే. చూసింది చూసినట్టు పుస్తకంలో రాయాలి. ఎవరైనా తడబడితే సాయం చెయ్యకూడదు, వేలు పెట్టి చూపించకూడదు. ఇది వినడానికి తేలిగ్గానే ఉంటుంది. పెద్దాయన ఒకరు మీ ముందే తప్పు బటను నొక్కుతుంటే నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో ఇంకో మూడు గంటల్లో తెలుస్తుంది.

బందరు రోడ్డు ఖాళీగా ఉంది. పటమట, కానూరు, పోరంకి, కంకిపాడు దాటాం. కాలువ మీది నుంచి చల్లగాలి కొడుతోంది. కృష్ణ మీద 1855కి పూర్తయిన పాత ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, ఆ రెండింటి చలవతో పచ్చబడ్డ నేల ఇది. ఉయ్యూరు, పామర్రు దాటి బందరు చేరి, అక్కడ 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పెడన, బంటుమిల్లి వైపు తిరుగుతాం. అక్కణ్ణుంచి వరిచేలు పల్చబడతాయి. కాలువ నీరు ఆలస్యంగా అందే శివారు భూములు దాటి కృత్తివెన్ను వైపు, ఉప్పుటేరు వైపు పోయేకొద్దీ రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. చీకట్లో, చెరువుకి గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు కారు అద్దాలు మూసినా వినపడుతుంది.

దారిలో ఆ అమ్మాయి టెస్టర్లను కూడగట్టిన సంగతి చెబుతోంది. గూగుల్ ప్లే స్టోర్‌లో నిబంధన ఒకటుంది. 2023 నవంబరు 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచిన డెవలపర్ ఎవరైనా, యాప్‌ని అందరికీ వదిలే ముందు పిలిచినవాళ్ళకే కనపడే పరీక్ష ఒకటి నడపాలి. మొదట 20 మంది ఉండాలన్నారు. 2024 డిసెంబరులో దాన్ని 12కి తగ్గించారు. ఆ పన్నెండు మందీ వరసగా 14 రోజులు పరీక్షలో ఉండాలి. ఈ లెక్క నింపడానికి చాలామంది పట్టే అడ్డదారి తెలిసిందే. హాస్టల్ స్నేహితుల చేత యాప్ పెట్టించుకుంటారు. నా యాప్ నువ్వు పెట్టుకో, నీది నేను పెట్టుకుంటానని వాట్సాప్ గ్రూపుల్లో ఇచ్చిపుచ్చుకుంటారు. గూగుల్ నిబంధన నెరవేరుతుంది. యాప్ ఏ ఇబ్బంది పెడుతుందో మాత్రం ఒక్కరికీ తెలియదు. అది పరీక్ష కాదని నా గట్టి అభిప్రాయం.

ఈ ఇద్దరూ చెరువుల దగ్గరి మనుషులే కావాలని పట్టుబట్టారు. మొదటి అడ్డంకి అక్కడే వచ్చింది. పరీక్షలో చేరాలంటే టెస్టర్ జీమెయిల్ చిరునామా కావాలి. "మీ జీమెయిల్ చెప్పండి" అంటే చెరువుగట్టు మీద సగం మందికి అలాంటిది ఉన్నట్టే తెలియదు. ఫోను కొన్న రోజున సెల్ షాపు కుర్రాడు ఏదో పేరుతో ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ తనే పెట్టి, ప్లే స్టోర్ పని చేస్తోందని చూపించి పంపేశాడు. ఒకాయన ఫోనులో ఉన్న ఖాతా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకుది. ఓటీపీ వచ్చేదీ ఆ కొడుక్కే. డెల్టాలో ఫోను ఒకరిది, ఖాతా ఇంకొకరిది, వాడేది మూడో మనిషి. ఒక మనిషికి ఒక ఫోను, ఒక ఫోనుకి ఒక ఖాతా అనుకుని రాసిన యాప్ ఇక్కడ గుమ్మంలోనే ఆగిపోతుంది.

నాలుగయ్యింది. కారు దిగి గట్టెక్కండి. మట్టి జారుడుగా ఉంది, చూసుకుని నడవండి. షెడ్డులోంచి వచ్చిన కాపలా ఆయనకి యాభై దాటాయి. లుంగీ మడిచి కట్టాడు, మెడలో తువ్వాలు ఉంది. ఈ వేళకే రావడానికి కారణముంది. పగలు ఎండలో నీటిలోని పచ్చటి నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ నాచూ, రొయ్యా, అడుగున ఉన్న బురదా అన్నీ కలిసి దాన్ని పీల్చుకుంటాయి. పొద్దు పొడిచే ముందు అది అట్టడుగుకి పడుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల లోపుకి వస్తే జాగ్రత్త పడాలి, 3 లోపుకి వస్తే ప్రమాదం. ఇంకా పడితే రొయ్య తేలుతుంది. తేలిన చెరువుని మళ్ళీ నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. మూడు నాలుగు నెలల ఖర్చు, అప్పు, ఆశ అన్నీ ఆ ఒక్క తెల్లవారుజామునే పోతాయి.

ఆయన కర్రల వంతెన మీద నడిచి, మీటరు తీగ నీళ్ళలోకి దింపాడు. అంకె కాసేపు ఊగి 3.8 దగ్గర నిలిచింది. ఇప్పుడు యాప్ తెరవాలి. తడి బొటనవేలు తెర మీద పెట్టగానే పేజీ పైకీ కిందకీ ఎగిరింది. చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. తెర వెలుతురుకి పురుగులు ముసురుకున్నాయి. ఊదాడు, ఇంకో చేత్తో తోలాడు, ఫోనుని కడుపు దగ్గర చాటు చేసుకున్నాడు. అంకెలు వేసే గడి దొరికింది. 3 నొక్కాడు. తర్వాత వేలు గాల్లో ఆగింది. వెతికాడు. 8 నొక్కి పచ్చ బటను ఒత్తాడు. తెర మీద "బాగుంది" అని పచ్చటి అక్షరాలు వచ్చాయి.

ఈలోపే ఆయన స్విచ్చి బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆపి ఉంచిన ఏరియేటర్లు కూడా వేసేశాడు. మీరు పుస్తకంలో రాశారు: 4.12, మీటరు 3.8, యాప్‌లో 38, పచ్చ.

అమ్మాయి మెల్లిగా అడిగింది. "బాబాయ్, ఇప్పుడు ఏం చేశారో ఒకసారి చెప్తారా?"

"ఏముందమ్మా. మూడు పాయింట్ ఎనిమిది కొడదామంటే చుక్క దొరకలా. మూడూ ఎనిమిదీ కొట్టా. బాగుందంది. బాగుంటే నేను ఫ్యాన్లు ఎందుకేస్తాను?"

ఆయన ఫోనులోని అంకెల కీబోర్డులో చుక్క లేదు. కొన్ని ఫోన్లలో అలాగే ఉంటుంది. విజయవాడలో వీళ్ళు పనిచేసే గదిలోని ఫోన్లన్నింటిలో చుక్క ఉంది కాబట్టి అక్కడ ఎన్నిసార్లు చూసినా ఈ తప్పు పైకి రాలేదు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ 38 ఉండటం జరగని పని. ఆ అంకె కనపడగానే యాప్ ఆగి, "సరిగ్గా కొట్టారా?" అని అడగాలి. అడగలేదు సరికదా, మెచ్చుకుంది.

ఈ చోట కాసేపు నిలబడి ఆలోచించండి. కాపలా ఆయన యాప్ మాట వినలేదు. మీటరు మాట కూడా సగమే విన్నాడు. అంతకు ముందే రొయ్య గట్టు వారకి రావడం లైటు వెలుగులో చూశాడు, దాన్నిబట్టే కదిలాడు. అదే ఆయన జ్వరంతో పడుకుని, ఆ రాత్రికి కొత్త కుర్రాణ్ణి పెట్టారనుకోండి. ఫోను బాగుందంటే అతను వెళ్ళి పడుకుంటాడు. యాప్ మూతపడిపోతే మనిషికి తెలుస్తుంది, పుస్తకం తీసి రాసుకుంటాడు. యాప్ పనిచేస్తూ తప్పు చెబితే తెలియదు. తప్పుల చిట్టా రాసేటప్పుడు చాలా జట్లు మూతపడటాన్ని మొదటి వరసలో పెడతాయి. నేనైతే ఈ పచ్చ అక్షరాలనే మొదట రాస్తాను. ఇలాంటిది ఒక్కటి మిగిలి ఉన్నా విడుదల ఆపాల్సిందే.

అమ్మాయి సంచిలోంచి చుక్క ఉన్న ఫోను తీసి, అదే కొలతను మళ్ళీ నమోదు చేయించింది. ఈసారి 3.8 సరిగ్గానే పడింది, ఎర్రటి హెచ్చరిక వచ్చింది. సిగ్నల్ లేదు కనక లెక్క ఫోనులోనే దాగింది. దీని సంగతి తొమ్మిదింటికి మళ్ళీ వస్తుంది.

తెల్లారింది. మేత వేసే వేళ. బస్తాల పక్కన గోడకి మేత కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది, దాని మేకుకే దారం కట్టిన నోటుపుస్తకం. "యాప్ ఎలా ఉంది బాబాయ్?" అంటే "బాగుందమ్మా" అంటాడాయన. అందరూ అదే అంటారు. ఇంత దూరం వచ్చిన పిల్లల్ని నొప్పించడం ఎవరికీ ఇష్టం ఉండదు. మన మర్యాద అంతటిది. బీటా పరీక్షకి దీన్ని మించిన అడ్డు లేదు. అందుకే ఆ అమ్మాయి ఇంకోలా అడిగింది. "నిన్న సాయంత్రం మేత ఎక్కడ రాశారు?" ఆయన తడుముకోకుండా నోటుపుస్తకం తీశాడు. నిన్నటి నాలుగు పూటలూ అందులోనే ఉన్నాయి. అక్షరాలు ఆయనవి కావు. ఆయనకి మధ్యాహ్నం అన్నం తెచ్చే ఇంటావిడ రాస్తుంది. వీళ్ళు యాప్ పెట్టించింది ఆయన ఫోనులో, రోజూ లెక్క రాసేది ఆవిడ. టెస్టర్ల జాబితాలో ఆవిడ పేరే లేదు. ఆ పూట ఇది కూడా చిట్టాలోకి ఎక్కింది.

ఎండ పడ్డాక ఇంకో సంగతి బయటపడింది. గదిలో ముచ్చటగా కనపడిన లేత బూడిదరంగు అక్షరాలు గట్టు మీద అసలు కనపడవు. కనపడిన చోట కూడా "ఉష్ణోగ్రత" అన్న మాట కింది ఒత్తులు తెగిపోయి ఉన్నాయి. వరసకి ఇంత ఎత్తు చాలని ఇంగ్లీషు అక్షరాలను చూసి పెడితే తెలుగుకి చోటు చాలదు. మన అక్షరం కిందికీ పైకీ పెరుగుతుంది. దీన్ని చిన్న విషయమని తోసెయ్యకండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను కుప్పకూల్చింది. జ్ఞకి కంటికి కనపడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం చేరిన రూపం అది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనుకి దాన్ని సందేశంలో పంపితే చాలు, చూపించబోయిన యాప్ మూతపడేది, తెరిచిన ప్రతిసారీ మళ్ళీ పడేది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పటికే బీటా పరీక్షలో ఉన్న 11.3లో ఆ తప్పు లేదు. ఆ స్థాయి సంస్థ చేతిలోంచే తెలుగు అక్షరం ఒకటి జారిపోయింది. ఇద్దరు మనుషుల జట్టు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. బటన్ల మీద పడే ప్రతి తెలుగు మాటనీ తక్కువ ధర ఫోనులో, పెద్ద అక్షరాలు పెట్టుకున్న ఫోనులో, పగిలిన తెర మీద చూడాల్సిందే.

ఎనిమిదిన్నరకి ఊళ్ళో టీ కొట్టు. చుట్టుపక్కల చెరువుల టెస్టర్లు వచ్చి చేరారు. వాళ్ళు పంపే ఫిర్యాదులు పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టు ఉండవు. ఫోను మోడలు, ఆండ్రాయిడ్ వెర్షను, ఏం నొక్కితే ఏమయ్యింది అని ఎవరూ రాయరు. వాట్సాప్‌లో గొంతు పంపుతారు. "ఇది తిరగతానే ఉందండి, ఆగట్లా" అని ఒకరు. వెనక ఏరియేటర్ల మోత. ఇంకొకరు పక్కవాడి ఫోనుతో తన ఫోను తెరని ఫొటో తీసి పంపారు. ఆ ఫొటోలో తెర పక్కన బస్తా కనపడుతుంది, తడి చెయ్యి కనపడుతుంది, మూలన బ్యాటరీ ఎంత ఉందో కనపడుతుంది. నా మటుకు ఆ ఫొటో మంచి నివేదికే.

బల్ల చివర కూర్చున్న కౌలు రైతు ఇంతసేపూ నోరు విప్పలేదు. టీ గ్లాసు కింద పెట్టి ఒక్క ప్రశ్న వేశాడు. "ఇందులో రాసింది మేత కొట్టోళ్ళకి కనపడుద్దా?"

కొట్టంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న వెనక బతుకుంది. చాలామంది మేత అప్పు మీద తెస్తారు. అప్పు ఇచ్చినవాళ్ళకి చెరువులో తేడా వచ్చిందని ముందే తెలిస్తే బస్తా ఆగిపోవచ్చు. కొనేవాళ్ళకి తెలిస్తే ధర తగ్గించి అడగచ్చు. మనుషుల వ్యక్తిగత డిజిటల్ సమాచారానికి రక్షణగా మన దేశం 2023లో చట్టం చేసింది, సమ్మతి అడగాలని అందులో ఉంది. యాప్‌లో కూడా నిబంధనల పేజీ ఉంది. ఎవరూ చదవని పేజీ. కౌలు రైతుకి కావలసింది ఒక్క వాక్యం: మీ చెరువు లెక్క మీరు చూపించిన మనిషికి తప్ప ఇంకెవరికీ కనపడదు. ఆ వాక్యం మొదటి తెర మీదే పెద్ద అక్షరాలతో ఉండాలి, యాప్ ఆ మాట మీద నిలబడాలి. అమ్మాయి ఆయన ముందే అది రాసుకుంది.

తొమ్మిదీ ఇరవైకి కాపలా ఆయన ఫోను మోగింది. విజయవాడలో ఉన్న చెరువు యజమాని. "ఇప్పుడే 3.8కి పడిందటగా! ఎండొచ్చాక కూడా ఏంటిది? ఏం చేస్తన్నారక్కడ?" అని గట్టిగా అరుస్తున్నాడు. తెల్లవారుజామున దాగిన లెక్క టీ కొట్టు దగ్గర సిగ్నల్ తగలగానే పైకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ కొలిచిన వేళని వదిలేసి, చేరిన వేళని పట్టుకెళ్ళింది. ఇక్కడ సేద తీరిన చెరువు అక్కడ మునిగిపోతున్నట్టు కనపడింది. తిట్లు తిన్నది రాత్రంతా మేలుకున్న మనిషి. కొలిచిన వేళ వేరు, చేరిన వేళ వేరు, రెండూ విడివిడిగా దాచాలి. విజయవాడ గదిలో వైఫై ఎప్పుడూ పోదు కనక రెండు వేళలూ ఒకటే అయ్యేవి.

ఐదుగురి చేత వాడించి చూస్తే చాలు, వాడుకలోని ఇబ్బందుల్లో 85 శాతం దొరుకుతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఆ మాట వాడుకలో స్థిరపడిపోయింది. అయితే ఒకే తీరు మనుషులకే ఆ లెక్క సరిపోతుంది. కాపలా ఆయన, ఆయన ఇంటావిడ, కౌలు రైతు, పట్నంలోని యజమాని, వీళ్ళు నలుగురూ నాలుగు తీర్లు. ఒక్కో తీరు నుంచి వేరుగా మనుషుల్ని తేవాలి.

ముందు చిన్న చోట చూసుకోవడం మన దగ్గర లేనిదేమీ కాదు. 2016లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే రోజు చెబుతూ తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. మామూలు ఫోనులో వచ్చే సందేశమే, ఇంకేమీ అక్కర్లేదు. దిగుబడి 30 శాతం దాకా పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. జనన మరణ ధ్రువపత్రాల విషయంలో ముందుగా ఎంచుకున్నది ఇదే డెల్టాలోని తెనాలిని. జీమెయిల్ అయితే 2004 ఏప్రిల్ 1 నుంచి 2009 జులై దాకా బీటా అన్న ముద్రతోనే నడిచింది. ఉత్తరం ఒక రోజు ఆలస్యమైతే మళ్ళీ రాసుకోవచ్చు. రొయ్యకి అంత గడువు లేదు.

మధ్యాహ్నానికి పటమట సందులోని గదికి చేరతారు. బూట్ల నిండా ఉప్పు మట్టి. గోడ మీద తెల్ల బోర్డు, మీ రూళ్ళ పుస్తకంలోని వరసలు ఒక్కొక్కటే దాని మీదికి ఎక్కుతున్నాయి. చుక్క లేని కీబోర్డు. జరగని అంకెకి పచ్చ. కొలిచిన వేళ. తెగిన ఒత్తులు. ఎండలో అక్షరాలు. ఇంటావిడ ఫోను. కౌలు రైతు వాక్యం. మొదటి మూడూ ఎర్ర రంగులో రాశారు. విడుదల తేదీ చెప్పి ఉన్నారు, వెనక డబ్బు పెట్టినవాళ్ళు ఫోను చేస్తున్నారు. భాగస్వామి లేచి తేదీ చెరిపేశాడు. ఎర్ర రంగువి మూడూ సరిచేసి, మళ్ళీ అదే గట్టు మీద నాలుగింటికి చూసి, ఆ తర్వాతే అందరికీ వదులుతారు. ఆపైన వచ్చే అప్‌డేట్లను అందరికీ ఒక్కసారిగా కాకుండా నూటికి ఐదుగురికి, ఇరవై మందికి పెంచుకుంటూ ఇస్తారు. ప్లే స్టోర్‌లో ఆ వీలుంది. నాకు వాళ్ళ నిర్ణయం సరైనదనే అనిపించింది.

చిట్టా చివర ఆ అమ్మాయి ఇంకో వరస రాసింది: టెస్టర్లకి రాత్రి కూలీ. ఊరికే వాడి పెడుతున్నారు కదా అని మనం మరిచిపోయేది ఇదే. చుక్క దొరకలేదని చెప్పింది కాపలా ఆయన. ఆ ఒక్క మాట ఆయనకి జీతం ఇచ్చే చెరువునే కాదు, ఈ యాప్ పెట్టుకోబోయే ప్రతి చెరువునీ కాస్తుంది. మీరు కూడా ఏదైనా యాప్ తయారుచేస్తూ ఉంటే, మీ పన్నెండు మందిలో స్నేహితుల్ని తగ్గించండి. అది ఎవరి చేతిలో, ఏ వేళప్పుడు పనిచెయ్యాలో ఆ మనిషి దగ్గరికి ఆ వేళకే వెళ్ళండి. ఆ మనిషి వెచ్చించిన రాత్రికి కూలీ లెక్కగట్టి చేతిలో పెట్టండి, ఫలానా తప్పు పట్టింది మీరేనని యాప్ విడుదలయ్యాక వెళ్ళి చెప్పండి.